పిల్లికండ్లాయన మంచివాడే

బొంబాయిలో తీసిన పాత హిందీ సినిమాల్లో సగం మా తాత తీసినవే. ఈ సంగతి బొంబాయి వాళ్లకు తెలియదు. జమ్మికుంట వాళ్లకు తెలుసు కానీ, వాళ్లు బయటివాళ్లకు చెప్పరు.

తాత పేరు సిద్దిరాములు. గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. బొంబాయి మొఖం ఎన్నడూ చూడలేదు. అయినా పోలీసు యాక్షన్ అయిన తర్వాత కొన్నేళ్లపాటు, పత్తి అమ్ముడుపోయే కాలంలో మార్కెట్ యార్డు వెనుక డేరా వేసి ఆడించిన హిందీ బొమ్మలన్నిటికీ కథ, మాటలు ఆయనవే. బొంబాయి వాళ్లు బొమ్మలు మాత్రం పంపేవారు.

ఆ డేరా బాలకిషన్‌రావు దొరది. ఆయన భూమిని కౌలుకిచ్చి, సినిమా మిషను కొని టూరింగ్ టాకీసు పెట్టాడు. పత్తి బండ్లతో యార్డుకు వచ్చిన రైతులకు చీకటి పడ్డాక ఎడ్లకు మేత వేయడం తప్ప వేరే పని ఉండదు. వాళ్లంతా డేరాకు వచ్చేవారు. కానీ రైల్లో వచ్చే పెట్టెల్లో ఎక్కువగా హిందీ బొమ్మలే ఉండేవి. తెర మీద ఎవరు నోరు తెరిచినా "ఏమంటుండు?" అని ఒకడు పక్కవాణ్ణి అడిగేవాడు. వాడు ఇంకో పక్కవాణ్ణి అడిగేవాడు. ఈ అడుగుడులోనే బొమ్మ అయిపోయేది.

తాత నైజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు జమాతులు చదివాడు. ఒకరోజు నేల టికెట్టులో కూర్చుని చుట్టూ ఉన్న నలుగురికి కథ విడమరిచి చెబుతుంటే, వెనుక కుర్చీల నుంచి "ఓ పెద్దమనిషీ, జర మాకు సుత ఇనవడేటట్టు చెప్పు" అని కేకలు వచ్చాయి. మరునాడు దొర తెర పక్కన ఒక ఎత్తుపీట వేయించాడు. ఆ పీట మీద కూర్చుని చెప్పేవాడికి టికెట్టు లేదు, ఇంటర్వెల్‌లో సోడా ఇస్తారు. జీతం మాట దొర ఎత్తలేదు, తాత అడగలేదు. ఊరంతా ఆయన్ని "కథ సిద్దిరాములు" అనడం మొదలుపెట్టింది. మగ్గం మీద కూర్చున్నా, సంతలో కూరగాయలు కొన్నా ఆ పేరే. తాతకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

నాలుగు జమాతుల ఉర్దూ సినిమాకు సరిపోదు. తెర మీద వాళ్లు గబగబా మాట్లాడితే సగం తాతకు కూడా అందేది కాదు. పీట మీద కూర్చున్నవాడు "నాకు సమజ్ కాలే" అనలేడు కదా. అర్థం కాని చోట మొఖాలు చూసి చెప్పేవాడు. కొన్నాళ్లకు అర్థమైన చోట కూడా మొఖాలు చూసే చెప్పసాగాడు. ఎందుకంటే అప్పటికి నటుల మీద ఆయనకు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. మా తాత అభిప్రాయం మగ్గం గుంట లాంటిది, ఒకసారి తవ్వితే అక్కడే ఉంటుంది.

నటుల అసలు పేర్లు ఆయనకు పట్టవు. పోస్టరు మీద ఏమి రాసి ఉన్నా తన పేర్లు తాను పెట్టుకునేవాడు. ఒక హీరో పేరు నూనెజుట్టు. గాలివానలో చెట్లు విరిగిపడుతున్నా అతని తలలో ఒక్క వెంట్రుక కదలదని తాతకు కోపం.

"ఇల్లు గూలింది, తల్లి సచ్చింది, ఈడేమో జుట్టు సదురుకొని వచ్చిండు. ఈనికి కష్టం వచ్చిందని నేనెట్ల చెప్పాలె? నా నోరెట్ల వస్తది?"

ఏడుపు మీద కూడా పట్టింపు ఉంది. ముక్కు తుడుచుకోకుండా ఏడ్చేవాడి ఏడుపును ఆయన లెక్కలోకి తీసుకోడు. హీరోయిన్లలో ఒకామెను మెచ్చుకునేవాడు. ఆమె రొట్టె చేసే సీనులో పిండిని నిజంగా పిసికిందట. మిగతావాళ్లు పిండిని నిమురుతారట. మొదటి రీలులో దగ్గిన తల్లికి మందు తేవడానికి హీరో బయల్దేరితే, "పో బిడ్డా పో, ఎట్లాగు అక్కెర రాదు" అని పీట మీద నుంచే సాగనంపేవాడు.

ఆయన గౌరవం మాత్రం విలన్లకే. "హీరోకేం పని? ఊకె తిరుగుడు, పాట పాడుడు. విలన్ పొద్దుగాల లేస్తే ఎన్ని జూసుకోవాలె! గోదాములు జూసుకోవాలె, మనుషులను జూసుకోవాలె, హీరోను సుత ఆయనే జూసుకోవాలె. ఆయన లేకుంటె బొమ్మ ఇంటర్వెల్ దాక నడువది."

అన్నిటికంటే పెద్ద అభిప్రాయం చేతుల గురించి. "నోరు అందరిది యాక్టింగ్ జేస్తది. పక్కోడు మాట్లాడుతుంటె ఈని చేతులేం జేస్తున్నయో గది జూడాలె." మగ్గం మీద పొద్దంతా ముచ్చట నోటితో, పని చేతులతో నడుస్తుంది కనుక ఆయనకు ఆ చూపు వచ్చి ఉంటుందని నేను అనుకుంటాను. ఆయన మాత్రం పుట్టుకతోనే వచ్చిందంటాడు.

ఈ చేతుల అభిప్రాయం వల్లనే బగ్గీ బొమ్మ వచ్చింది. దాని అసలు పేరేమిటో తాత చెప్పడు. అందులో ఒక సేఠ్ గుర్రపు బగ్గీలో తిరుగుతాడు కాబట్టి అది బగ్గీ బొమ్మ. సేఠ్‌గా వేసినాయనకు తాత పిల్లికండ్లాయన అని పేరు పెట్టాడు. హీరో నూనెజుట్టు. నడిమధ్యన తండ్రి లేని ఒక పిల్ల, ఆమే హీరోయిన్. సేఠ్ ఆ పిల్లను ఇంట్లో నుంచి వెళ్లగొట్టి గేటు వేస్తాడు. చివరికి నూనెజుట్టుతో కొట్లాడి బగ్గీతో సహా నదిలో పడి చస్తాడు. ఎక్కడ చూపించినా ఇది విలన్ చచ్చిన కథే.

కానీ సేఠ్ నోటితో గట్టిగా అరుస్తూ, చేత్తో గేటును మెల్లగా దగ్గరికి వేశాడు. తాత ఆ చేతిని చూశాడు. చెడ్డవాడైతే గేటు దబ్బున కొడతాడు, ఈయన పసిపిల్ల నిద్రపోతున్న ఇంటి తలుపు వేసినట్టు వేశాడు అనుకున్నాడు. మరునాటి ఆటకు కథ మారిపోయింది. ఆ పిల్ల తండ్రి చనిపోతూ ఆమెను తన స్నేహితుడైన సేఠ్ చేతిలో పెట్టాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని సేఠ్ మాటిచ్చాడు. నూనెజుట్టు జూదగాడు, ఆ పిల్ల ఇంటిని పందెంలో పెట్టాడు. వాడి చేతిలో పడకుండా పిల్లను తప్పించడానికి సేఠ్ చెడ్డపేరు మోస్తూ ఆమెను దూరం పంపాడు. సేఠ్ తెర మీద కోపంతో పండ్లు పటపటా కొరికినప్పుడల్లా తాత గొంతు వణికించి, "ఏడుపు ఆపుకుంటుండు, పాపం" అనేవాడు.

సేఠ్ నదిలో పడ్డప్పుడు డేరాలో ఏడవనివాడు లేడట. నూనెజుట్టు హీరోయిన్ చెయ్యి పట్టుకుని పాట అందుకుంటే తెర మీదికి మట్టిపెళ్లలు లేచాయి. పెట్టె వెనక్కి పంపవలసిన రోజు దాటినా దొర పంపలేదు. యార్డులో బస్తాలు మోసే హనుమంతు తనకు పుట్టిన కొడుక్కు రతనయ్య అని పేరు పెట్టుకున్నాడు. తాత లెక్కలో సేఠ్ పేరు రతన్‌లాల్.

ఆ రోజుల్లోనే చొప్పదండి నుంచి దశరథం అనే నేతపెద్ద నూలు కోసం వచ్చి, సాయంత్రం ఆ బొమ్మ చూశాడు. మరునాడు పొద్దున్నే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తాత మగ్గంలో ఉన్నాడు.

"కథ చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"నోటితోని గన్ని తిట్లు తిడుతుంటె, లోపట మంచోడని నీకెట్ల తెలిసింది?"

"చేతులు జూసిన."

దశరథం కాసేపు తాత చేతులు చూశాడు. అవి ఆగకుండా ఆడుతున్నాయి.

"పెండ్లయిందా?"

అలా బాలలక్ష్మి, అంటే మా బాపమ్మ, జమ్మికుంటకు వచ్చింది. బగ్గీ బొమ్మ కథ చెప్పినవాడికి పిల్లనిచ్చానని దశరథం చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. గేటు సంగతి విన్నప్పుడు బాపమ్మ అన్న మాట వేరు.

"గా దర్వాజ అట్టముక్కలతోని జేసింది అయ్యుంటది. గట్టిగ ఏస్తె ఊడి మీద పడ్తదని మెల్లగ ఏసిండు."



ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత మద్రాసు నుంచి తెలుగు బొమ్మలు ఎక్కువగా రావడం మొదలైంది. తెలుగు బొమ్మకు కథ చెప్పేవాడు అక్కర్లేదు. ఆ రోజుల్లో పీటను గోడ పక్కకు జరిపేవారు. మళ్లీ హిందీ బొమ్మ వచ్చినప్పుడు దాన్ని యథాస్థానంలో వేసేవారు. తాత దీనికి పెద్దగా ఫికర్ చేయలేదు. తెలుగు నటుల మీద కూడా అభిప్రాయాలు తయారుచేసుకుంటూ కూర్చున్నాడు.

ఒక ఏడు చలికాలంలో డేరా ముందు కొత్త ఫొటో కార్డులు వేలాడదీశారు. తాత వాటి ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. ఒక కార్డులో బగ్గీ, ఒక కార్డులో గేటు, ఇంకో కార్డులో నది. మద్రాసు వాళ్లు బగ్గీ బొమ్మను తెలుగులో తీశారు.

ఆయన నేరుగా దొర దగ్గరికి పోయాడు.

"దొరా, ఇది వద్దు."

"ఎందుకురా?"

"మంచిగ లేదట."

"నువ్వు జూసినవా?"

"చూడలే."

"మరి పో. పైసలు కట్టి పెట్టె తెప్పించిన. పీట సుత తీసేయించిన. తెలుగుల మాట్లాడేటోళ్లకు నువ్వేం చెప్తవ్?"

తాత ఇంటికి వచ్చి మగ్గంలో కూర్చున్నాడు కానీ పోగు నడిపే నాడె ముట్టలేదు. పక్కన రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న బాపమ్మ చూసింది.

"ఏమైంది? మొఖం గట్లున్నది?"

"బగ్గీ బొమ్మ తెలుగుల వచ్చింది."

"మంచిదే కద! మా బాపుకు కబురు పంపుత."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"మద్రాసోళ్లు జర మార్చిండ్రట. పిల్లికండ్లాయనను జర చెడ్డోన్ని జేసిండ్రట."

"జర?"

"పూర్తిగ."

బాపమ్మ రాట్నం ఆపింది. "హిందీల మంచోడేనా?"

"హిందీల... చూసెటోళ్లను బట్టి ఉంటది."

బాపమ్మకు సంగతంతా అర్థమైంది. నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుందట. తాత మాత్రం నవ్వలేదు. ఇది మామూలు చిక్కు కాదు. ఊరు ఆయన మాటను నమ్మి ఏడ్చింది. హనుమంతు కొడుక్కు పేరు పెట్టుకున్నాడు. దశరథం ఆ కథ విని కూతుర్నే ఇచ్చాడు. రేపు తెర మీద సేఠ్ నోరు విప్పి తెలుగులో మాట్లాడితే, కథ సిద్దిరాములు అనే పేరు ఊళ్లో తిట్టుగా మారుతుంది. మామ ముందు తల ఎత్తుకోవడం ఇక ఉండదు.

ఇదంతా తెలిసి కూడా బాపమ్మ చొప్పదండికి కబురు పంపింది. ఎందుకు పంపావని నేనడిగితే ఆమె చెప్పింది: "పెండ్లయిన సంది నా పక్కకు కూసొని ఒక్క బొమ్మ జూసిండా? ఎప్పుడు జూసినా గా పీట మీదనే. గీ ఒక్కదానికన్న పక్కకు కూసుంటడని పంపిన."

దశరథం తలకు కొత్త రుమాలు చుట్టుకుని వచ్చాడు. తనే ముగ్గురికి బెంచీ టికెట్లు కొన్నాడు. మొదటి ఆటకు డేరా నిండిపోయింది. పాత బొమ్మ చూసినవాళ్లంతా పెండ్లాం పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. తాత మామకూ పెండ్లానికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

బగ్గీ తెర మీదికి రాగానే ఈలలు. సేఠ్ దిగగానే చప్పట్లు. ఈయనకు పిల్లికండ్లు లేవు, పెద్ద మీసాలున్నాయి. అయినా జనం క్షమించారు. సేఠ్ మొదటి మాటగా ఆ పిల్ల ఇంటిని వేలం వేయమన్నాడు. డేరా చప్పబడింది.

"నోటితోని గట్లనే అంటడు. మనసుల వేరే ఉంటది, ఉండుండ్రి" అని నేల మీద ఎవరో సర్దిచెప్పారు. తాత నేర్పిన పాఠమే అది.

రెండో రీలులో సేఠ్ ఒంటరిగా గదిలో కూర్చుని, తన మనసులో ఏముందో తనకు తానే విపులంగా చెప్పుకున్నాడు. ఆ మనసులో మంచిది ఒక్కటి కూడా లేదు. జనం కదిలారు. గొణుగుడు మొదలైంది. దశరథం ముందుకు వంగి తెరనే చూస్తున్నాడు, అల్లుడి వైపు తిరగలేదు. బాపమ్మ పక్కచూపు చూస్తే, చలికాలంలో తాత మెడ మీద చెమట.

అంతలో గేటు సీను వచ్చింది. సేఠ్ అరిచాడు. పిల్లను తోశాడు. గేటును దబ్బున కొట్టాడు. ఆ చప్పుడుకు డేరా గుంజలు కూడా అదిరినట్టయింది.

తాత లేచి నిలబడ్డాడు. తాను ఎందుకు భయపడుతున్నాడో ఆ క్షణంలో మరిచిపోయాడు.

"థూ! గట్లనా దర్వాజ ఏసేది? పాత బొమ్మల ఆయన ఎంత మంచిగ ఏసిండు! ఈనికి చేతులున్నయా, రోకళ్లున్నయా?"

జనమంతా తిరిగి చూశారు. "సిద్దిరాములు ఈడనే ఉన్నడు! ఆయన్నే అడుగుండ్రి!" నేల మీది వాళ్లు లేచి నిలబడేసరికి తెర నిండా తలకాయల నీడలు పడ్డాయి. దొర మిషను ఆపించి లైట్లు వేయించాడు.

హనుమంతు ముందుకు వచ్చాడు. "సిద్దిరాములన్నా, ఒక్కటే మాట చెప్పు. గీడు మంచోడా, చెడ్డోడా? నా కొడుకుకు గాయన పేరు వెట్టుకున్న. రేపు బడిల నలుగురు నవ్వద్దు."

"ఏం జేసినవ్‌రా సిద్దిరాములూ?" అన్నాడు దొర వెనుక నుంచి.

తాత నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ డేరాలో ఆయనకు మాట రాకపోవడం అదొక్కసారేనని బాపమ్మ అంటుంది.

దశరథం మెల్లగా లేచి రుమాలు సర్దుకున్నాడు.

"నాది చొప్పదండి. పాత బొమ్మ నేను సుత జూసిన. జూసి నా బిడ్డను ఈయనకిచ్చిన. వాళ్లకు పిల్లలైండ్రు. ఇప్పుడు మద్రాసోళ్లు వచ్చి కథ గట్ల గాదు గిట్ల అంటె ఎట్ల నడుస్తది? సేఠ్ మంచోడే. ఈళ్లకు తీసుడు చేతగాలే."

 ముందుగా హనుమంతు "నిజమే. మంచోడే" అన్నాడు. వెనుక నుంచి ఇంకొకరు "మొదాలే హీరో జుట్టు జూసి అనుకున్న, ఈళ్లకు చేతగాదని" అన్నారు. ఆ తర్వాత బొమ్మ నడిచినంతసేపు జనం మద్రాసు వాళ్ల తప్పులు ఎంచుతూ నవ్వారు. సేఠ్ నదిలో పడితే, అటువంటి మంచివాణ్ణి ఇట్లా చంపారని తిట్టారు. రెండు మూడు రోజులకే దొర పెట్టె వెనక్కి పంపేశాడు.

ఇంటికి నడిచి వస్తుంటే ముందు మామా అల్లుళ్లు, వెనుక బాపమ్మ. ఆమె చెవులు మాత్రం ముందే ఉన్నాయి.

"అల్లుడా" అన్నాడు దశరథం.

"ఆఁ, మామా."

"పెండ్లి గాకముందు నేను షోలాపూర్‌ల నేసిన, ఎరుకేనా? హిందీ నాకు మంచిగనే వస్తది."

తాత కాళ్లు ఆగాయి. దశరథం నడుస్తూనే ఉన్నాడు.

"గా పొద్దు నువ్వు చెప్పిందొకటి, ఆడ అయ్యిందొకటి. మొదటి రీలుల్నే సమజైంది. కిందికి మీదికి నవ్వుకున్న."

"మరి... పిల్లనెందుకిచ్చిండ్రు?"

"గంత చెడ్డోనిల మంచి ఎతికినోడు, నా బిడ్డ కూరల ఉప్పెక్కువైతె ఇల్లెక్కి అరువడని ఇచ్చిన."

తాత నాలుగడుగులు గబగబా వేసి మామను అందుకున్నాడు. "గది గాదు మామా. షోలాపూర్ హిందీ వేరు, సినిమా హిందీ వేరు. మీకే సమజ్ కాలే."

వెనుక బాపమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. దశరథం "అట్లనే, అట్లనే" అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పేరు నిలబడింది కానీ పీట నిలబడలేదు. తెలుగు బొమ్మ ఆడుతుంటే సిద్దిరాములు నోరు విప్పితే నష్టమని దొరకు అనుభవమైంది. పైగా హిందీ పెట్టెలు తగ్గిపోయాయి. తర్వాత కొన్నాళ్లకు రేకుల కప్పుతో పక్కా టాకీసు కట్టారు. అక్కడ తెర పక్కన రెండు పెద్ద స్పీకర్లు పెట్టారు, మనిషికి చోటు లేదు. తాత టికెట్టు కొనుక్కుని నేలలో కూర్చుని, పక్కవాళ్లకు నటుల చేతులు చూపించేవాడు. కొత్తగా వచ్చిన పోరగాళ్లు "ఓ పెద్దాయనా, జర ఊకో, ఇనవడ్తలేదు" అనేవారు. ఊకునేవాడు కాదు. పక్కన బాపమ్మ కూర్చునేది. ఆమె కోరిన చోటు అలా దొరికింది. దాని వెంట వచ్చిన బాధ కూడా ఉంది, చెవిలో ఆపకుండా కథ.

ఇప్పుడు ఆయన టీవీ ముందు కూర్చుంటాడు. పాత హిందీ బొమ్మ వస్తే శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తాడు. మాటలు అడ్డం వస్తాయట. ఈ కథంతా రాసుకున్నాక నాకు ఒక ఆశ పుట్టింది. టౌనులో పాత సినిమాలు వెతికి ఇచ్చేవాడు ఒకడున్నాడు. తాత దగ్గర కూర్చుని అడిగాను.

"తాతా, గా బగ్గీ బొమ్మ అసలు పేరేందో చెప్పు. దొరికితె తెస్త. అసలు కథేందో ఇద్దరం కూసొని జూద్దాం."

తాత టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"హిందీ పరీక్షల తప్పినందుకే గద బడి బంద్ వెట్టినవ్. నువ్వు జూస్తె మల్ల నేనే చెప్పాలె. చెప్పిన గద. ఇంక జూసేదేందిరా? లే, తెరకు అడ్డం గూసున్నవ్."